ముందు నా వేలు

నీలం రంగు ప్లాస్టిక్ కుర్చీలో ముందు కూర్చునేది నేనే. ఆ పద్ధతి నాకెవరూ నేర్పలేదు, నేనే పెట్టుకున్నాను. తెనాలి సెంటర్లో అయినా, రేపల్లెలో అయినా, బాపట్ల పక్క పల్లెల్లో అయినా, క్యాంపు పెట్టిన రోజున ల్యాబ్ ప్రసాద్ గారు బల్ల సర్దుకోగానే పోయి చెయ్యి చాపేదాన్ని. వేలి కొస మీద సూది గుచ్చుతారు. ఆ రక్తపు బొట్టు కిట్టులో వేసి కాసేపు ఆగితే గీతలు పడతాయి. ఒక గీత పడితే హెచ్.ఐ.వి. లేనట్టు. రెండు పడితే అనుమానమున్నట్టు, పెద్దాసుపత్రికి పోయి మళ్ళీ చూపించుకోవాలి. నాకు ఎప్పుడూ ఒకటే పడేది. కిట్టు ఎత్తి అందరికీ చూపించి, "చూశారా? చచ్చానా? రండి మరి," అనేదాన్ని. నవ్వుకుంటూ, ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ వచ్చేవాళ్ళు.

మేమంటే ఎవరో చెప్పాలి. ఒళ్ళమ్ముకుని బతికిన ఆడవాళ్ళం, ఇంకా బతుకుతున్న ఆడవాళ్ళం. హెచ్.ఐ.వి. ప్రాజెక్టు కాగితాల్లో మా పేరు హై రిస్క్ గ్రూపు. ఊళ్ళో మా పేరేంటో మీకు తెలుసు, నేను రాయను. మాలోంచే ఒకరిని ఎంచుకుని మిగతావాళ్ళకు కండోమ్‌లు పంచమని, పరీక్షలకు తీసుకురమ్మని, భయపడితే ధైర్యం చెప్పమని పెట్టుకుంటారు. ఆ పని చేసేవాళ్ళను పీర్ అంటారు. నేను ఏళ్ళ తరబడి ఆ పనిలో ఉన్నాను. అందులో కుదురుకున్నాక పాత బతుకు మానేశాను.

ఎవరి ఫలితం వాళ్ళకే చెప్పాలి, పక్కవాళ్ళకు తెలియకూడదు. అది రూలు. "నీది మాత్రం జెండా లాగా ఎత్తి చూపిస్తావేంటమ్మా," అని మా కౌన్సెలర్ సునీత మేడం కోప్పడేది. నేను వినేదాన్ని కాదు. నేను ముందు కూర్చున్న క్యాంపుకి జనం వచ్చేవాళ్ళు, కూర్చోని క్యాంపుకి వచ్చేవాళ్ళు కాదు. ఇంకేం కావాలి?

ఇప్పుడు ఇదంతా రాయమన్నది కూడా ఆవిడే. రాస్తే గుండె బరువు తగ్గుతుందట. చూద్దాం. తగ్గకపోతే ఆవిడనే అడుగుతాను.

*జులై*

ఉగాది వెళ్ళాక నాకు జ్వరం వచ్చింది. గొంతంతా పుండై, మంచినీళ్ళు మింగాలన్నా ఏడుపొచ్చేది. వీధి చివరి ఆర్.ఎం.పి. డాక్టరు టైఫాయిడ్ అని సెలైన్ పెట్టాడు. తగ్గింది. తగ్గింది కదా అని మర్చిపోయాను. జ్వరాలు రాని ఇల్లు తెనాలిలో ఏముంది?

జులైలో సెంటర్లో క్యాంపు. మార్కెట్ వెనక మేడ మీద గది మాది. ఆ రోజు వాన. ఎప్పటిలాగే ముందు కూర్చున్నాను, వేలిచ్చాను, పక్కనున్న వాళ్ళతో కబుర్లు చెబుతున్నాను. ప్రసాద్ గారు కిట్టు చూసి, దాని మీద చెయ్యి పెట్టారు. ఏదో పురుగు వాలితే మూసినట్టు మూశారు.

"అక్కా, ఈ కిట్టు పాడైనట్టుందండి. మీది తర్వాత చూద్దాం," అన్నారు.

వెనక నుంచి ఎవరో, "కిట్టులే పాడైపోతే ఇంక మా రక్తం ఏం చూస్తారండీ?" అంటే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కిట్టు పాడైతే ఎలా ఉంటుందో నాకు తెలుసు, గీతే పడదు. పాడైన కిట్టు మీద ఎవరూ చెయ్యి అడ్డం పెట్టరు. ఆయన ముఖం వైపు చూశాను. ఆయన నా వైపు చూడలేదు.

ఆ మనిషి ఆడిన అబద్ధానికి ఇప్పటికీ దణ్ణం పెడతాను. ఆ రోజు అంతమంది ముందు నన్ను కాపాడింది అదే. మిగతా వాళ్ళందరికీ పరీక్షలయ్యేదాకా నేను అక్కడే నిలబడి పేర్లు పిలిచాను, టీలు పంచాను.

పెద్దాసుపత్రిలో మళ్ళీ చూశారు. ఉంది. సునీత మేడం నా ఎదురుగా కూర్చుని చెప్పింది. "ఇది చావు కాదు. మందులున్నాయి. రోజూ వేసుకుంటే అందరిలాగే బతకొచ్చు." ఆ మాటలు నావి. ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. ఎదురుగా కూర్చున్న ఆడవాళ్ళు అవి వింటూ నా ముఖం కాకుండా నా వెనకున్న గోడని ఎందుకు చూసేవాళ్ళో నాకు ఆ రోజు తెలిసింది. నేనూ గోడనే చూశాను. గోడ మీద క్యాలెండర్ ఉంది. నెల మార్చలేదు, ఇంకా జూన్ అనే ఉంది. మారిస్తే బాగుండనుకున్నాను.

"ఎవరి వల్ల వచ్చింది?" అని, సంగతి తెలిశాక అడగని మనిషి లేడు. అడిగేవాళ్ళ ఆత్రం చూస్తే ఒళ్ళు మండుతుంది. సరే, చెబుతాను. పాత బతుకులో ఎప్పుడూ రాలేదు. ఆ బతుకు మానేశాక ఒక లారీ డ్రైవర్ నాతో ఉన్నాడు. తాళి లేదు కానీ మొగుడే అనుకున్నాను. వస్తూ పోతూ ఏళ్ళు గడిచాయి. కండోమ్ మాట ఎత్తితే, "నన్ను కూడా వాళ్ళల్లో కలిపేశావా?" అనేవాడు. ఆ ఒక్క మాటకి నోరు మూతపడుతుంది. ఏ ఆడదానికైనా మూతపడుతుంది. జబ్బు సంగతి చెప్పి పరీక్షకి రమ్మంటే ఫోన్ పెట్టేశాడు. మళ్ళీ ఆ నంబరు మోగలేదు. ఎక్కడున్నాడో, మందులు వాడుతున్నాడో లేదో తెలియదు. తిట్టుకునే ఓపిక కూడా అయిపోయింది.

మేనేజరు గారు పిలిచారు. చెడ్డమనిషి కాదు. కుర్చీ చూపించి, టీ తెప్పించి, "కొన్నాళ్ళు మీరు పరీక్షల దగ్గర ముందు కూర్చోవద్దండి. సంగతి బయటికి పొక్కితే, కండోమ్‌లు పంచే మనిషికే వచ్చింది, ఇంక వాడి ఏం లాభం అంటారు. ఇన్నేళ్ళ పని పోతుంది," అన్నారు. సునీత మేడం కూడా, "చెప్పాలా వద్దా అన్నది నీ ఇష్టం. కంగారులో మాత్రం చెప్పకు," అంది. ఇద్దరూ నా మంచికే చెప్పారు. నేను తలూపాను. తలూపడం తప్ప ఆ నెలలో నేను చేసిన పనేమీ గుర్తు లేదు.

*వినాయక చవితి వెళ్ళాక*

మందులు తెనాలిలోనే తీసుకోవచ్చు. ఇంటికి దగ్గర. కానీ ఆ వరండాలో నేను ఎంతమందిని కూర్చోబెట్టానో! ఆయా దగ్గర్నుంచి బయట కొబ్బరిబోండాలమ్మే ఆయన దాకా అందరూ నాకు తెలుసు. అందుకని బాపట్లకి రాయించుకున్నాను. పొద్దున్నే పాసింజరు ఎక్కడం, నిడుబ్రోలు దాటాక చున్నీ తల మీదుగా కప్పుకోవడం. నాకు నేనే నవ్వుకునేదాన్ని. "సిగ్గుపడాల్సిన జబ్బు కాదమ్మా ఇది," అని మైకులో చెప్పిన మనిషినే కదా నేను.

మొదటిసారి వెళ్ళిన రోజు బెంచీల మీద చోటు లేదు. గోడవారగా నిలబడ్డాను. అటు పక్క బెంచీ చివర మా వీధి మొదట్లో బండి మీద ఇడ్లీలు వేసే బాబాయి కూర్చుని ఉన్నాడు. ఎర్ర తువ్వాలు మెడ చుట్టూ వేసుకుని, టోకెన్ చేత్తో పట్టుకుని. నేను తెనాలి వాళ్ళ కళ్ళు తప్పించుకోవడానికి బాపట్ల వచ్చాను. ఆయనా అందుకే వచ్చాడు. ఇద్దరం ఒకేసారి చూసుకున్నాం, ఒకేసారి ఫ్యాను వైపు చూశాం. ఆ ఫ్యాను తిరగడం లేదు. అయినా అంతసేపు దాన్నే చూశాం.

తిరుగు రైలుకి స్టేషన్లో కూర్చుంటే ఒక టీ గ్లాసు నా పక్కన బెంచీ మీద పెట్టి ఆయన ముందుకి వెళ్ళిపోయాడు. మర్నాడు బండి దగ్గరికి వెళితే, "ఏమ్మాయ్, కారంపొడి వెయ్యనా?" అన్నాడు, రోజూ అడిగినట్టే. వెయ్యమన్నాను. ఇప్పటికీ ఆ సంగతి మా ఇద్దరి మధ్య రాలేదు. ఆ రోజుల్లో నన్ను మనిషిలా చూసినవాళ్ళలో ఆయనొకడు.

మాత్ర మొదలుపెట్టిన కొత్తల్లో తల తిరిగేది, అన్నం చూస్తే వాంతి వచ్చేది. అది కొద్ది రోజులకి పోయింది. భయం పోలేదు. దగ్గొస్తే ఇదేనా, కురుపు లేస్తే ఇదేనా. అద్దంలో బుగ్గలు చూసుకుంటూ కూర్చునేదాన్ని. మందు పని చేస్తోందని డాక్టరు గారు చెప్పారు. వైరస్ అణిగిందట. మరి ఆ రెండో గీత పోతుందా అని అడిగాను. పోదు, అది ఎప్పటికీ పడుతుంది, అయినా నువ్వు బాగున్నట్టే అన్నారు. మంచి మాటే. బయటికొచ్చి ఎందుకేడ్చానో మాత్రం తెలియదు.

*డిసెంబరు*

మా అమ్మాయి లావణ్య డిగ్రీ చదువుతోంది. నా పాత బతుకు దానికి నేను చెప్పలేదు. కానీ మా ఊళ్ళో ఎవరో ఒకరు చెప్పకుండా ఉంటారా? తెలిసినట్టే ఉండేది, తెలియనట్టే మాట్లాడేది. జబ్బు సంగతి మాత్రం నా నోటితోనే వినాలని చెప్పాను. చాలాసేపు నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. "మందులు మానకు," అంది. నా అంత అదృష్టవంతురాలు లేదనుకున్నాను.

తర్వాత ఒకటొకటిగా కనిపించాయి. నా తువ్వాలు ఆరేసిన తీగ మీద దాని బట్టలు ఉండేవి కావు. దువ్వెన కొత్తది కొనుక్కుంది. ఒకరోజు వంటింట్లోకి వెళితే నేను తాగిన స్టీలు గ్లాసుని వేడినీళ్ళలో వేసి, మళ్ళీ తోమి, మళ్ళీ వేస్తోంది. నన్ను చూసి ఆగిపోయింది.

"కలిసి తింటే రాదని నాకు తెలుసమ్మా," అంది. "తాకితే రాదు, గ్లాసులో రాదు. చిన్నప్పుడు నాకు నువ్వే కదా నేర్పావు. అన్నీ తెలుసు. నా చెయ్యి మాట వినట్లా. నేనేం చెయ్యను?"

అలా అంటూ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. తిడదామంటే ఏమని తిట్టను? పరాయి ఇళ్ళకి పోయి, జబ్బున్న కోడళ్ళకి పళ్ళెం వేరు పెట్టిన అత్తల్ని కడిగి పారేసి వచ్చిన నోరు నాది. నా వంటింట్లో అది పెగల్లేదు. పండగ ముందే లావణ్య గుంటూరులో హాస్టల్‌కి మారింది. పరీక్షలని చెప్పింది. ఆదివారాలు వస్తుంది, పక్కన కూర్చుని కబుర్లు చెబుతుంది, జడ వేయించుకుంటుంది. మంచినీళ్ళ సీసా మాత్రం తనదే తెచ్చుకుంటుంది. నేను చూడనట్టు ఉంటాను. ఇలాంటి ఇల్లు మీదైతే, మీకు ఏం చెప్పాలో నాకు తెలియదు. తెలిసేదాకా చూడనట్టు ఉండండి, అంతే చెప్పగలను.

*ఫిబ్రవరి*

ఇక మంగ సంగతి. ఇన్ని పేజీలు దీన్ని వాయిదా వేయడానికే రాశానేమో.

మంగది రేపల్లె. పగలు రొయ్యల షెడ్డులో తలలు తీసే పని, తక్కిన బతుకు మా బతుకే. నాకన్నా చిన్నది. మాటకి మాట అంటించడంలో మాత్రం అందరికీ పెద్దక్క. నేను రేపల్లె రైలు దిగితే స్టేషన్ దగ్గర్నుంచి సెంటర్ దాకా నాతో నడిచేది. తనకి తెలిసిన వాళ్ళందరినీ పరీక్షకి తనే లాక్కొచ్చేది. తను మాత్రం ఏనాడూ కుర్చీలో కూర్చోలేదు. "ఐసులో నాని వేళ్ళన్నీ పగిలినయ్యక్కా, సూది ఓర్చుకోలేను," అని చేతులు చూపించేది. నిజంగానే పగిలి ఉండేవి. వచ్చే క్యాంపుకి చూద్దాంలే అనేదాన్ని. ఆ క్యాంపుకి మళ్ళీ అవే వేళ్ళు.

జులై తర్వాత పరీక్ష రోజుల్లో నేను రేపల్లె వెళ్ళలేదు. ఫిబ్రవరిలో అక్కడి పీర్ మానేస్తే మళ్ళీ నన్నే పంపారు. మంగ స్టేషన్‌కి రాలేదు. సెంటర్లో గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ముందు గుర్తుపట్టలేదు. మెడ దగ్గర ఎముకలు, గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. దగ్గుతోంది.

"ఏంటే ఇది?" అన్నాను.

"డైటింగక్కా," అంది.

ఆసుపత్రికి వెళ్ళావా అంటే వెళ్ళలేదు. వెళదాం పద అంటే రాదు. రక్తమైనా ఇవ్వవే అంటే వేళ్ళు చూపించబోయింది. ఆ నెలల్లో షెడ్డు పనికి పోవడమే లేదు, వేళ్ళు నున్నగా ఉన్నాయి. తనే చూసుకుని చెయ్యి దించేసింది.

గది నిండా ఆడవాళ్ళు. ప్రసాద్ గారు బల్ల సర్దుకున్నారు. ఎవరూ కదల్లేదు. ఒకామె, "ఏమక్కా, ఇవాళ ముందు నువ్వు కూర్చోవా? భయమా?" అంది ఆటపట్టిస్తూ. అందరూ నా వైపు చూస్తున్నారు. మంగ కూడా చూస్తోంది. నాకు మేనేజరు గారి మాట గుర్తుంది, సునీత మేడం మాట గుర్తుంది. కంగారులో చెప్పొద్దంది. కంగారులోనే చేశానో, ఆలోచించే చేశానో ఇప్పటికీ తేల్చుకోలేదు. నేను చేయి చాపితే మంగ చాపుతుందనుకున్నాను, అంతే. మంగ బతకాలి, నాకు ఇంకేమీ తోచలేదు.

కూర్చుని వేలిచ్చాను. ప్రసాద్ గారు, "వద్దక్కా," అన్నారు మెల్లగా. "చెయ్యండి," అన్నాను.

గీతలు పడేదాకా ఆగాను. పడ్డాక కిట్టు ఎత్తి చూపించాను, ఎప్పుడూ చూపించినట్టే.

"రెండు," అన్నాను. "జులై నుంచి నాకు హెచ్.ఐ.వి. ఉంది. రోజూ ఒక మాత్ర వేసుకుంటున్నా. చూడండి, ఎలా ఉన్నానో. మునుపటికన్నా లావయ్యాను కూడా. ఇదిగో నా చెయ్యి. రండి మరి."

నా మాట అందరూ విన్నారు. ఒక్కరూ నవ్వలేదు. వెనక నుంచి ఒకామె లేచి, "నిన్ను నువ్వే కాపాడుకోలేకపోయావు, మాకేం చెబుతావులే," అంది. కోపంగా కూడా అనలేదు. సంచి తీసుకుని మెట్లు దిగింది. ఆమె వెనక ఇంకొకరు. చెప్పులు వెతుక్కునే చప్పుడు, పైట సర్దుకునే చప్పుడు. వీళ్ళలో కొందరి పురుళ్ళకి ఆసుపత్రిలో కాపలా కూర్చున్నాను. గది ఖాళీ అయింది. ఏళ్ళ తరబడి పోగేసిన నమ్మకం ఊడ్చేసినట్టు పోయింది.

మంగ ఒక్కతే మిగిలింది. లేచి వచ్చి బల్ల మీద కిట్టుని వంగి చూసింది.

"జులై నుంచా?" అంది.

"అవునే."

"మరి నాకెందుకు చెప్పలా అక్కా?"

నేను ఏదో చెప్పబోయాను. తను వినలేదు.

"నువ్వు ముందు కూర్చుని ఒక్క గీత చూపించినప్పుడల్లా అందరూ ధైర్యం తెచ్చుకునేవాళ్ళు. నాకు మాత్రం గుండె జారిపోయేది. నాకు రెండు పడతాయని ఎప్పుడో తెలుసక్కా. నాతో ఉన్నవాడు దీంతోనే పోయాడు. నీకు ఒకటి, వీళ్ళందరికీ ఒకటి, నాకొక్కదానికే రెండు పడితే ఎట్టా అనుకున్నా. ఆ కిట్టు ఎత్తి చూపించి నవ్వుతావే, అప్పుడు నాకు లేచి పారిపోవాలనిపించేది." దగ్గు వచ్చి ఆగింది. "నీకూ ఉందని జులైలోనే తెలిసుంటే జులైలోనే కూర్చునేదాన్ని. ఒక్కదాన్ని కానుగా."

నా పద్ధతి చూసి ఎంతమంది వచ్చారో నాకు తెలుసు, ప్రాజెక్టు వాళ్ళు మెచ్చుకున్నారు కూడా. దాన్ని చూసి రానివాళ్ళ సంగతి ఎవరికీ తెలియదు. వాళ్ళకే పరీక్ష ముఖ్యంగా కావాలి. జబ్బు లేనివాళ్ళకి ధైర్యం పంచి, ఉన్నవాళ్ళకి సిగ్గు పంచాను. ఇదే పని చేసేవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి. తక్కినదంతా మర్చిపోయినా ఫర్వాలేదు.

మంగ కుర్చీలో కూర్చుంది. చెయ్యి చాపింది. "ఇప్పుడు నాది తియ్యండి సార్, వేళ్ళు బాగానే ఉన్నయ్," అంది. ప్రసాద్ గారు కళ్ళు తుడుచుకుని సూది తీశారు.

*మార్చి, ఏప్రిల్*

మంగకి రెండే పడ్డాయి. టి.బి. కూడా ఉంది, బాగా ముదిరి. తెనాలి ఆసుపత్రిలో చేర్చాం. ముందు టి.బి. మందులు మొదలుపెట్టారు, అవి ఒంటికి పట్టాక మా మందు, హెచ్.ఐ.వి.ది, ఇస్తామన్నారు. ఒక్కసారే అన్నీ ఇస్తే ఆ ఒళ్ళు తట్టుకోదట.

వాళ్ళమ్మ వచ్చింది. మంగ నాకు ముందే చెప్పి పెట్టింది, టి.బి. ఒక్కటే చెప్పమని. ఆమె వార్డు గుమ్మం దగ్గర కూర్చుని, పోయే నర్సునల్లా, "తగ్గుద్దా అమ్మా?" అని అడిగేది. ఒక నర్సమ్మ మాత్రం ప్రతిసారీ ఆగి, "చూస్తున్నామండి," అని చెప్పి వెళ్ళేది. మిగతావాళ్ళని తప్పుపట్టను, వాళ్ళకి ఊపిరి సలపదు.

నేను గంజి తాగించేదాన్ని. రెండు చెంచాలు తాగి ముఖం తిప్పేది. ఒకరోజు నా గ్లాసులో నీళ్ళు తనకి పట్టి, మిగిలినవి నేను తాగాను. అలవాటుగా, ఆలోచించకుండా. మంగ చూసి, "మనిద్దరం ఒక కులమైపోయాం గదక్కా," అంది. నవ్వించడానికే అంది. నవ్వాను.

"నేను లేచాక రేపల్లెలో నేనే ముందు కూర్చుంటా. ఎవరు లేచిపోతారో చూస్తా," అంది ఇంకోరోజు. కళ్ళు పెద్దవైపోయి ముఖమంతా అవే ఉన్నాయి. "కూర్చుందువులే," అన్నాను. డాక్టరు గారు అంతకు ముందే నన్ను వరండాలోకి పిలిచి మాట్లాడారు. ముందు వచ్చుంటే, అన్నారు.

మా మందు డబ్బా ఇచ్చిన రోజు మంగ దాన్ని దిండు పక్కనే పెట్టుకుంది. నా డబ్బా లాంటిదే, అదే మందు. మాత్ర నోట్లో వేసుకుని, "ఇంతేనా? దీనికా ఇన్నేళ్ళు భయపడింది?" అంది.

ఆ వారం దాటకుండానే పోయింది. మధ్యాహ్నం పూట, వాళ్ళమ్మ బయట టిఫిన్ కొనుక్కోవడానికి వెళ్ళినప్పుడు.

రేపల్లెలో ఇప్పుడు నా మాట చెల్లదు. మేనేజరు గారు నన్ను ఏమీ అనలేదు, ఆ ఊరి పని మాత్రం వేరే ఆమెకి ఇచ్చారు. గది వదిలి వెళ్ళినవాళ్ళలో ఒకామె ఫోన్ చేసి, "ఏం లేదక్కా, ఊరికే. బాపట్లలో మందులిచ్చేది ఎక్కడక్కా?" అని అడిగింది. చెప్పాను. ఎవరికని అడగలేదు. ఆ ఒక్క ఫోన్ తప్ప నేను చేసిన దానికి ఇంకే ఫలితమూ నాకు కనపడలేదు. ఒక మంచి పని చేశానన్న తృప్తి ఉంటుందని చాలామంది అన్నారు. లేదు. మంగ లేదు, అంతే ఉంది.

దినవారాలయ్యాక వాళ్ళమ్మ నన్ను పిలిచి మందుల డబ్బా చేతిలో పెట్టింది. "ఇది టి.బి. మందు కాదటగా. నాకు తెలుసులేమ్మా. నీకు పనికొస్తుందేమో," అంది. ఏం తెలుసో, ఎప్పటి నుంచి తెలుసో నేను అడగలేదు.

నెల మందులకి బాపట్ల వెళ్ళినప్పుడు ఆ డబ్బా తీసుకెళ్ళాను. కిటికీ దగ్గర మందులిచ్చే ఆవిడ దాన్ని తిప్పి చూసింది.

"ఇది మా దగ్గరిచ్చింది కాదు కదమ్మా?"

"కాదండి. తెనాలిది. వృథా కాకూడదని తెచ్చానండి. దాదాపు నిండుగానే ఉంది."

"ఇంత మిగిలిందేంటి? మానేశారా?"

"లేదండి. ఒక్కరోజు కూడా మానలేదు."

ఆవిడకి అర్థమైంది. "మూత తీసింది ఇంకొకళ్ళకి ఇవ్వకూడదమ్మా," అంది మెల్లగా. "మరేం చేస్తారండీ?" అని అడిగాను. ఆవిడ దాన్ని బల్ల కింద పెట్టింది. తర్వాత నా కార్డు చూసి, అలమరలోంచి నా డబ్బా తీసి కిటికీలోంచి ఇచ్చింది.

"రోజూ వేసుకో. బాగుంటావు," అంది.

"అలాగేనండి," అన్నాను. వెనక వరుసలో జనం ఉన్నారు, పక్కకి జరిగాను.